దారి మధ్యలో బేరింగ్ మోగితే

మిత్రులారా,

చక్రం సాఫీగా తిరిగేలా చూసే బేరింగ్ అరిగితే ఒక హోరు వస్తుంది, దూర ప్రయాణాలు చేసేవారికి అది పరిచయమే. మొదట రోడ్డు గరుకుగా ఉందనుకుంటాం, తరవాత టైర్లను అనుమానిస్తాం. వేగంతో పాటు పెరిగే ఆ శబ్దం గేరు తీసి న్యూట్రల్‌లో పోనిచ్చినా ఆగదు. బండి ఎడమకు మళ్లేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా అరిగింది కుడివైపు బేరింగే.

ఒక రాత్రి నేను ఆ శబ్దాన్ని మూడు గంటలు భరించాను. ఆగి చూస్తే గ్రీజు కాలిన వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: వినబడగానే సురక్షితమైన చోట ఆపండి.

మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు, స్పేర్ చక్రాన్ని బండి కిందికి తోయండి. అనుమానమున్న చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. కదలిక పోతే దోషం బేరింగ్‌ది. అప్పటికీ ఊగుతుంటే బాల్ జాయింట్‌ను, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు కీలును చూడాలి. తేడా తెలియక మంచి బేరింగ్ విప్పినవారిని చూశాను.

పనిముట్ల సంగతి తరవాత. అక్కడున్నది ఏ రకం బేరింగ్ అన్నది ముందు తేల్చుకోండి.

ట్రైలర్లలోనూ పాతకాలపు కార్ల ముందు చక్రాల్లోనూ ఉండే, ఏటవాలు రోలర్లున్న టేపర్ రోలర్ రకమైతే మీరు అదృష్టవంతులు. పట్టకారు, సుత్తి, ఇత్తడి కడ్డీ, గ్రీజు చాలు. నట్టు వదులవకుండా ఆపే కాటర్ పిన్ తీసి నట్టు విప్పితే హబ్, అంటే చక్రం బిగించే నడిభాగం, చేతికొస్తుంది. హబ్ లోపల బిగిసి ఉన్న రేసును, అంటే రోలర్లు దొర్లే ఉక్కు వలయాన్ని, కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొడుతూ సమంగా దించాలి. కొత్త రేసును ఎక్కించేటప్పుడు పాత రేసునే దాని మీద ఆనించి కొట్టవచ్చు. బేరింగ్‌ను అరచేతిలోని గ్రీజుకు వెడల్పు వైపు నుంచి ఒత్తుతూ పోండి, రెండోవైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు పైకి వచ్చేదాకా. ఆయిల్ సీల్ కొత్తది వేయండి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించి కొత్త కాటర్ పిన్ వేయాలి. ఇక్కడ బలం చూపితే బేరింగ్ వేడెక్కి మాడిపోతుంది.

బేరింగ్, హబ్ ఒకే ముక్కగా ఉండి బోల్టులతో బిగించే హబ్ యూనిట్ అయితే కష్టమంతా ఇరుసు నట్టు దగ్గరే. చక్రం నేలమీద ఉండగానే పానాకు పొడవాటి గొట్టం తొడిగి దాన్ని కదిలించాలి. వదులయ్యాక ఆ చక్రం మీద బండిని నడపకూడదు. తిరిగి బిగించేటప్పుడు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి లేకపోతే ఒక లెక్క: అడ్డంగా ఉన్న మీటరు గొట్టం చివర 20 కిలోల బరువు దాదాపు 196 న్యూటన్ మీటర్లు. మీ బండికి ఎంత కావాలో మాన్యువల్‌లో చూసుకోండి.

మూడోది, నకుల్‌లోకి, అంటే హబ్‌ను మోసే లోహపు దిమ్మలోకి, ప్రెస్ చేసిన బేరింగ్. ఇక్కడ సుత్తి శత్రువు. నకుల్‌లోకి దించేటప్పుడు బలం బయటి వలయం మీదే పడాలి, హబ్‌ను ఎక్కించేటప్పుడు లోపలి వలయానికే ఆధారం ఇవ్వాలి. తప్పు వలయాన్ని ఒత్తితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా రేసుకు తగిలి గుంటలు పడతాయి, కొత్త బేరింగ్ త్వరలోనే మోగుతుంది. కొన్నింటి సీల్‌లో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంత వలయం ఉంటుంది, అది దెబ్బతిన్నా ఏబీఎస్ దీపం వెలుగుతుంది. మరలున్న కడ్డీతో, పెద్ద సాకెట్లతో లాగినవారు ఉన్నారు. నేనైతే నకుల్‌ను విప్పి, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షెడ్డుకు పట్టుకెళతాను.

పని అయ్యాక పది కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. బ్రేకు ఎక్కువ వాడకుండా ఆగి, రెండువైపులా హబ్ వేడిని పోల్చండి. కొత్తది మరీ వేడిగా ఉంటే మళ్లీ జాకీ ఎత్తండి.