కుప్ప నల్లబడితే సరిపోదు, వేడెక్కాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉన్నవాళ్లలో చాలామంది ఇంట్లో కుక్కో పిల్లో ఉంది కాబట్టి మొహమాటం పక్కనపెట్టి మాట్లాడతాను.

కుక్క మలంతో నేను మొదటిసారి పెట్టిన కంపోస్టు కుప్ప ఆరు నెలలకి ఎంత బాగా తయారైందంటే, నల్లగా, పొడిపొడిగా, గుప్పిట్లోకి తీసుకుంటే మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు, టమాటా మొక్కలకి వేద్దామని తట్టలోకి ఎత్తేశాను కూడా. అప్పుడు ఆగిపోయాను. ఆ ఆరు నెలల్లో థర్మామీటరు ఎన్నిసార్లు గుచ్చినా 40 డిగ్రీలు దాటలేదు. కుళ్లడం వేరు, క్రిములు చావడం వేరు.

కుక్కల కడుపులో ఉండే ఏలికపాముల్లో టాక్సోకారా అనే రకం ఉంది. దాని గుడ్డు పెంకు చాలా గట్టిది, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ మట్టిలో ఆడుకున్న పిల్లలు చేయి నోట్లో పెట్టుకుంటే గుడ్డు లోపలికెళ్తుంది, అందులోంచి వచ్చిన లార్వా, అంటే పిల్లపురుగు, ఒళ్లంతా తిరిగి, ఒక్కోసారి కంటిలోకి చేరి చూపునే దెబ్బతీస్తుంది. ఒక్క ఊరట ఏంటంటే, అప్పుడే పడిన మలంలోని గుడ్డు వెంటనే అంటుకోదు, దానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే ఎత్తేయండి, డాక్టరు చెప్పిన టైముకి కుక్కకి నులిపురుగుల మందు వేయించండి.

ఇక వేడి సంగతి. రెండు పాళ్లు మలానికి ఒక పాలు రంపపు పొట్టు కలపండి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచండి. కుప్ప మధ్యలో 60 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలవాలి. చల్లబడగానే అంచుల్లో ఉన్నది మధ్యలోకి వచ్చేలా తిరగేయండి, మళ్లీ వేడెక్కుతుంది, ఎంత తిప్పినా వేడెక్కని రోజు వచ్చేదాకా ఇదే పని. తర్వాత ఏడాది మాగనిచ్చి పూలమొక్కలకే వాడండి. తినే మొక్కలకి మాత్రం వద్దే వద్దు.

అయితే అంత వేడి రావాలంటే కుప్ప సుమారు మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉండాలి. ఒక్క కుక్క ఉన్న ఇంట్లో అంత సరుకు ఎక్కడిది? అలాంటివాళ్లకి గొయ్యే మేలు. బావికీ కాలువకీ కూరగాయల మడికీ దూరంగా తవ్వి, పైన జానెడుకి తక్కువ కాకుండా మట్టి కప్పండి. నా తట్టెడు ఎరువూ చివరికి కంచె మొక్కల దగ్గర అలాగే పూడ్చేశాను. వానపాముల డబ్బాలో వేస్తాం అంటారు కొందరు, అందులో వేడి పుట్టదు కాబట్టి ఈ గుడ్లు చావవు.

పిల్లి మలాన్ని ఇంట్లో కంపోస్టు చేయొద్దనే చెబుతాను. అందులో ఉండగల టాక్సోప్లాస్మా అనే కంటికి కనిపించని పరాన్నజీవి కడుపులో బిడ్డకి ప్రమాదం. పడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేయాలి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకెవరైనా చేయాలి. కుందేలు పెంటికలకి ఇంత టెన్షన్ లేదు, గడ్డి తినే జీవి, మామూలు కంపోస్టులో వేసేయొచ్చు.

ఈ కుప్పకి పార, తట్ట, గ్లౌజులు విడిగా పెట్టుకోండి. మా ఇంట్లో ఆ పార పిడికి ఎర్ర రంగు వేశాం, మా చిన్నాడికి కూడా తెలుసు, అది కూరగాయల మడిలోకి రాకూడదని.