రేస్ కారుకి తేలిక అద్దాలు, ఫైబర్ బానెట్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

నమస్కారం అండీ. అంబత్తూరు ఎస్టేట్‌లో మా షెడ్ నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల కంప్రెసర్ మోత వస్తూనే ఉంటుంది, కాస్త సర్దుకోండి.

ఇదిగో బండి. పాత మారుతి ఎస్టీమ్. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ కోసం తయారవుతోంది. ట్రాలీ ఎక్కి వెళ్తుంది, ట్రాలీ ఎక్కి వస్తుంది, రోడ్డు ముట్టుకోదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ చూపించే పని రోజూ తిరిగే బండికి చెయ్యకండి. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే సెక్షన్ 52 మోటారు వాహనాల చట్టంలో ఉంది, ఇన్సూరెన్స్ వాళ్ళున్నారు, ఇంట్లో వాళ్ళు సరేసరి.

రంపం పట్టుకునే ముందు మీరు పోటీ చేసే రేస్ విభాగం (క్లాస్) రూల్ బుక్ ప్రింట్ తీసి గోడకి అంటించండి. ఏ అద్దం మార్చొచ్చు, ఏ ప్యానెల్ మార్చొచ్చు, కనీస బరువు ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. "మా బండి ఇప్పటికే కనీస బరువు దగ్గర ఉంది కదా, ఇంకా తగ్గించి ఏం లాభం" అని అడుగుతారు. లాభం ఉందండీ. పైన తగ్గించిన కిలోల్ని బల్లాస్ట్‌గా, అంటే బరువు దిమ్మలుగా, కింద ఫ్లోర్ మీద బిగించుకోవచ్చు. మొత్తం బరువు అంతే, కానీ మలుపులో బండి ఒరగడం తగ్గుతుంది. అందుకే నేను ఎప్పుడూ పైనుంచి మొదలుపెడతాను. అద్దాలు ముందు, బానెట్ తర్వాత.

ముందు అద్దం జోలికి వెళ్ళట్లేదు. అది లామినేటెడ్ గాజు, అంటే రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది, అలాగే ఉండనిద్దాం. పక్క అద్దాలు, వెనక అద్దం మాత్రమే.

ఇప్పుడు టేబుల్ మీద చూడండి. ఇటుది యాక్రిలిక్, అటుది పాలీకార్బొనేట్. చూడ్డానికి కవలలే. బరువూ ఒకటే, గాజులో సగం కంటే తక్కువ. గాజు సాంద్రత 2.5, ఇవి రెండూ 1.2 దరిదాపు. కానీ ఇది వంచుతున్నాను... కళ్ళజోడు పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి... చూశారా, పుటుక్కున విరిగి కత్తిలాంటి ముక్కలు. అది యాక్రిలిక్, బోర్డులు చేసుకోడానికి బాగుంటుంది. ఇప్పుడు ఇది. వంగింది, వదిలితే మళ్ళీ లేచింది. ఇది కావాలి మనకి. షాపులో లెక్సాన్ అంటారు, మాక్రోలాన్ అంటారు, పేరు ఏదైనా పాలీకార్బొనేట్ అని బిల్లు మీద రాయించుకోండి. పక్కలకి 3 మిల్లీమీటర్లు. వెనక అద్దం పెద్దది కాబట్టి నేను 4 తీసుకుంటాను.

చాలా షీట్లకి ఎండ తట్టుకునే పూత ఒకవైపే ఉంటుంది. ఏ వైపో పైన అంటించిన ఫిల్మ్ మీద రాసుంటుంది. ఆ వైపు బయటికి రావాలి. తిప్పి పెడితే మన చెన్నై ఎండకి పసుపు తిరుగుతుంది. గీతలు పడని హార్డ్ కోట్ ఉన్నది దొరికితే డబ్బులు పెట్టండి, అక్కడ పిసినారితనం వద్దు.

కొయ్యడం తెలిసిందే. పాత అద్దం పెట్టి గీత గీసుకున్నాం, జిగ్సా, సన్న పళ్ళ బ్లేడు, నెమ్మదిగా. ఫిల్మ్ తియ్యకుండా. అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యండి, చిన్న గంటు కూడా మిగలకూడదు, పగులు అక్కడే మొదలవుతుంది. ఇలా, ఇలా... అయిపోయింది. వంపు ఉన్న చోట 3 మిల్లీమీటర్ల షీట్‌ని చల్లగా 30 సెంటీమీటర్ల వ్యాసార్థం దాకా వంచొచ్చు, హార్డ్ కోట్ ఉంటే అంత వంచకండి. హీట్ గన్ పట్టుకొచ్చి కాల్చకండి. షీట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ముందు ఓవెన్‌లో ఆరబెట్టకుండా వేడిచేస్తే లోపల బుడగలే బుడగలు.

ఇప్పుడు రంధ్రాలు. ఇక్కడ ఆగుదాం. తమ్ముడూ, కెమెరా దగ్గరికి తీసుకురా. ఇంకొంచెం. ఆ...

ఇది ఎవరిదో పాత కిటికీ, రిపేరుకి వచ్చింది. ప్రతి స్క్రూ చుట్టూ చూడండి, వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఎవరూ గుద్దలేదు దీన్ని. ఎండలో నిలబడే పగిలింది. ఎందుకంటే పాలీకార్బొనేట్ ఇనుము కంటే అయిదు రెట్ల పైగా వ్యాకోచిస్తుంది. పొద్దున షెడ్‌లో 28 డిగ్రీలు, మధ్యాహ్నం ట్రాక్ పక్కన బండి నిలిపే పిట్‌లో ఎండకి 68 అనుకోండి. 40 డిగ్రీల తేడాకి మీటరు పొడవు షీట్ 2.6 మిల్లీమీటర్లకి పైనే పెరుగుతుంది. కింద ఉన్న ఇనుప ఫ్రేము అర మిల్లీమీటరు కూడా పెరగదు. స్క్రూ 5, రంధ్రం 5 అయితే షీట్ ఎక్కడికి పోవాలి?

కాబట్టి మధ్యలో ఒక్క రంధ్రం సరిపడా, మిగతావన్నీ పెద్దవి. ఎం5, అంటే 5 మిల్లీమీటర్ల బోల్టుకి నేను 8 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తాను. అంచు నుంచి రంధ్రం వ్యాసానికి కనీసం రెండింతలు లోపలికి. మామూలు డ్రిల్ బిట్ షీట్‌ని పట్టి లాగేస్తుంది, స్టెప్ బిట్ వాడండి. కోన్‌లా మెట్లు మెట్లుగా ఉంటుంది, ఇదిగో. నా పెట్టెలో నాకు బాగా ఇష్టమైన సామాను ఇదే, ఎవరికీ అరువివ్వను. వెనకాల చెక్క పెట్టి, నెమ్మదిగా... చూడండి, కరగట్లేదు, తురుములా వస్తోంది.

బిగించేటప్పుడు కింద నియోప్రీన్ (ఒక రకం రబ్బరు) వాషర్, పైన నియోప్రీన్ వాషర్. పీవీసీ వాషర్ వద్దు, దాన్లోని నూనె షీట్‌ని తినేస్తుంది. నట్ ఊడకుండా పోసే లాకింగ్ మందు కూడా అంతే, పగుళ్ళు తెస్తుంది. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్ వాడండి. మరచెంబు మూత బిగించినట్టు బిగించకండి. వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు, వేలితో తిప్పితే ఇంకా తిరగాలి. ఇలా. మళ్ళీ చూపిస్తాను. ఇలా. అంతే. సిలికాన్ వేస్తే న్యూట్రల్ క్యూర్ అని రాసున్నదే, వెనిగర్ వాసన వచ్చేది వద్దు. తుడవడానికి పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఏదీ వద్దు. ముందు నీళ్ళు పోసి దుమ్ము కడిగి, ఆ తర్వాతే సబ్బు నీళ్ళ గుడ్డ.

ఇక బానెట్. ఫైబర్ అనగానే తేలిక అనుకుంటారు. లెక్క చూడండి. 0.7 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకి అయిదున్నర కిలోలు. ఫైబర్‌గ్లాస్ 2 మిల్లీమీటర్లైతే 3 కిలోలు. అదే గట్టిగా ఉండాలని గాజు పోగుల మ్యాట్ మీద మ్యాట్ వేసి, దాన్ని గట్టిపరిచే జిగురు రెసిన్ గుమ్మరించి 4 చేశారనుకోండి, 6 కిలోలు! ఇనుముని మించిపోయింది. కాబట్టి కొనడానికి వెళ్ళేటప్పుడు లగేజీ తూచే కొక్కెం తూకం జేబులో వేసుకోండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి. అంచు దగ్గర మందం చూడండి, వెలుతురుకి పెట్టి చూస్తే రెసిన్ పేరుకున్న చోట్లు తెలిసిపోతాయి. కార్బన్ ఇంకా తేలికే, కానీ ఆ డబ్బుకి రెండు సెట్ల టైర్లు వస్తాయేమో ముందు చూసుకోండి.

ఫైబర్ బానెట్‌ని కంపెనీ లాచ్ మీద నమ్మి వదలకండి. నాలుగు మూలలా పిన్నులు, పిన్ను చుట్టూ అల్యూమినియం ప్లేటు. స్పీడులో గాలి కిందికి దూరితే వెనక అంచు కూడా లేవొచ్చు, అందుకే వెనక రెండు పిన్నులు కూడా కావాలి.

డోర్లు ఇవాళ ముట్టుకోవట్లేదు. లోపల గుద్దు ఆపే బీమ్ ఉంటుంది, రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా డ్రైవర్ని కాపాడే లోపలి ఇనుప గొట్టాల పంజరం) పక్క బార్లు బిగించేదాకా దాన్ని తియ్యకూడదు. ఈ బండికి కేజ్ వెల్డింగ్ అయ్యాక ఆ పని వేరే వీడియోలో చేద్దాం.