చక్రం కింద నిమ్మకాయ సరే, చక్రం వెనకాల?

(దసరా ఆయుధపూజ రోజున ఒంగోలులో ఒక మెకానిక్ షెడ్డు ఆవరణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు అని మొదలుపెట్టమన్నారు. వేదికేమో ట్రాక్టరు ట్రక్కు, దాని మీద ఉన్నది నేను, మైకు, ఇంకా కొట్టని నాలుగు గుమ్మడికాయలు. కాబట్టి మర్యాదలు ఇక్కడితో సరి. షెడ్డు తమ్ముడు పోయిన వారం ఇంటికొచ్చి, "సార్, మీ పద్మినికి మీరే బ్రేకులు చేసుకుంటారు గదా, పాత కారుకి ఇంట్లోనే కొత్త బ్రేకులు, కొత్త చక్రాలు ఎట్టా వేసుకోవాలో మా కుర్రోళ్లకి ఒక ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నాడు. నేను మెకానిక్కుని కాను. కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. చేతులు కాల్చుకుని నేర్చుకున్నది చెబుతాను, తప్పుంటే ఇక్కడున్న మేస్త్రీలు ఇక్కడే అరవండి, ఇంటికెళ్లాక కాదు.

వచ్చేటప్పుడు బండ్ల వరస మొత్తం చూసుకుంటూ వచ్చాను. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బాగుంది. ఒక మాట అడుగుతా, సిగ్గుపడకుండా చేతులెత్తండి. ఈ నెలలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసినవాళ్లు ఎంతమంది? ఇద్దరు... ముగ్గురు. సరే, అల్లాయ్ వీల్స్ రేటు కనుక్కున్నవాళ్లు? చూశారా! ఇదీ నా బాధ. చక్రం అందరికీ కనపడుతుంది, దాని వెనకాల ఉన్నదాన్ని వంగి చూసేవాడు లేడు. ఆ వరసలోనే ఒక బండి గురించి చివర్లో ఒక మాట చెప్పాలి, మర్చిపోతే గుర్తు చేయండి.

మాది 1978 పద్మిని. మా నాయన టంగుటూరులో పొగాకు వ్యాపారం చేసేవాడు, ఒంగోలులో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఫియట్ 1100 నమూనా, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసింది, 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, 5.20–14 టైర్లు. ఇప్పటి కుర్రాళ్లు ఆ టైరు చూసి, సైకిలుదా తాతా అంటారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె, లోపలినుంచి దాన్ని ఒరుసుకుని ఆపే షూలు. కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు, తొక్కితే మన కాలి బలమే. అయినా ఊళ్లో చక్కగా ఆగేది, ఎందుకంటే డ్రమ్ములో ఒక కిటుకు ఉంది. తిరిగే డ్రమ్ము ముందు వైపు షూని తనలోకి తనే లాక్కుంటుంది, మనం కొంచెం నొక్కితే అది ఇంకొంచెం నొక్కుకుంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, డిస్కు బ్రేకుల దగ్గర మళ్లీ వస్తుంది.

1991 కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్లాం. నేను డ్రైవింగు, పక్కన నాయన, వెనక అమ్మ, మా ఆవిడ, ఒళ్లో మూడేళ్ల పిల్ల. దర్శనం బాగా అయింది, శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతున్నాం. నాకప్పుడు వయసు, పైగా టాప్ గేరులో వదిలేసి ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కడమే డ్రైవింగు అనుకునేవాణ్ణి. కాసేపటికి పెడల్ కొంచెం కిందికి పోతోంది అనిపించింది. తర్వాత వాసన, జుట్టు కాలినట్టు ఉంటుంది, ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు. తర్వాత మలుపులో తొక్కితే పెడల్ నేలకి తగిలింది, బండి పోతూనే ఉంది. వెనక అమ్మ మల్లన్నా మల్లన్నా అంటోంది. నాయన అరవలేదు. నా వైపు కూడా చూడలేదు. "గేరు దించు. రెండులో వెయ్యి. హ్యాండ్ బ్రేకు మెల్లిగా లాగు, ఒక్కసారి లాగబాక" అన్నాడు. ఇంజను ఊళ పెట్టింది. కొండ వైపు మట్టికి ఆనించి ఆపాను. నా కాళ్లు వణుకుతున్నాయి, కిందికి దిగలేకపోయాను. డ్రమ్ముల మీద నీళ్లు పోద్దామని నేను క్యాను తీస్తే నాయన చెయ్యి పట్టుకున్నాడు. కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది, కూర్చో అన్నాడు. ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గంటకి పెడల్ మళ్లీ ఏమీ ఎరగనట్టు పైకొచ్చింది.

ఆ గంటలో జరిగింది నాకు అర్థమవడానికి పదేళ్లు పట్టింది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అంటే షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఎక్కువ కిందికి పోవాలి. షూ మీద అతికించిన లైనర్ మాడితే పట్టు తగ్గుతుంది. అసలు దొంగ మూడోవాడు, బ్రేక్ ఆయిల్. పేరుకే ఆయిల్, గాలిలో తేమని పీల్చుకునే రసాయనం అది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, నీళ్లు పట్టాక లెక్క 140. డాట్ 4 అయితే 230, తడిస్తే 155. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలు నొక్కుకుపోతాయి, మన కాలి బలం బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారితే బుడగలు పోతాయి, పెడల్ పైకొస్తుంది, మనం దేవుడి దయ అనుకుంటాం. నాయన కొన్నప్పటినుంచి ఆ ఆయిల్ ఎవరూ మార్చలేదు. కొత్తపట్నం సముద్రపు గాలి, ఉప్పు, తేమ, ఎన్నేళ్లు! కాబట్టి అబ్బాయిలూ, ఇంట్లో చేసుకోగల మొట్టమొదటి అప్‌గ్రేడు డిస్కులు కాదు, కొత్త ఆయిల్. రెండేళ్లకొకసారి. సీసా మూత తీసి ఆర్నెల్లు అటక మీద పెట్టింది పొయ్యకండి, అది కూడా తేమ పీలుస్తుంది.

ఆయిల్ అంటే ఇంకో కోపం ఉంది, చెప్పాలా వద్దా... చెబుతా. ఒక షాపు, ఊరు పేరు వద్దు, నేను టీ తాగి వచ్చేలోగా అక్కడ డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఏదో స్టీరింగు ఆయిల్ పోశారు. ఆయిలే గదా సార్ అన్నాడు. మన బ్రేకుల్లో ఆయిల్ కారకుండా పట్టే రబ్బరు బకెట్లకి మినరల్ ఆయిల్ పడదు, ఉబ్బిపోతాయి. నాలుగు రోజుల తర్వాత టంగుటూరు టోల్ గేటు దగ్గర బ్రేకు పడింది, బాగానే పడింది, మళ్లీ వదల్లేదు! పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్లో బకెట్ ఉబ్బి, ఆయిల్ వెనక్కి వచ్చే సన్నని రంధ్రం మూసుకుపోయింది. వెనక లారీలు హారన్లు, ముందు చక్రాల్లోంచి పొగ. ముట్టుకుంటే వేళ్లు కాలాయి. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, నిప్పుల్ అంటారు, అది వదులు చేసి ప్రెషర్ తీసి పక్కకి నెట్టాం. తర్వాత మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్ బకెట్లు, హోసులు అన్నీ మార్చాలి, పైపులు స్పిరిటుతో కడగాలి. ఆ షాపులో అడిగితే పాత బండి సార్, అమ్మేయండి అన్నారు. బండిది కాదయ్యా తప్పు!

సరే, ఎక్కడున్నాం. ఇంట్లో పని. జాకీ మీద లేపిన బండి కిందికి తల పెట్టొద్దు, స్టాండ్లు కొనండి. ఇటుకల మీద నిలబెట్టొద్దు, ఇటుక ముందు చెప్పదు, టప్పున చితుకుతుంది. డ్రమ్ము ఊడదీశాక లోపలి నల్ల దుమ్ముని నోటితో ఊదేవాళ్లు, గాలి గొట్టంతో కొట్టేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, నేను చూశాను. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఎప్పటికో క్యాన్సరు. సబ్బు నీళ్లతో తడిపి తుడవండి. రబ్బరు హోసు పైకి కొత్తదానిలా ఉన్నా పాతికేళ్లదైతే లోపల ఉబ్బి ఉంటుంది, ఆయిల్ వెళ్తుంది, వెనక్కి రాదు, బండి ఒక పక్కకి లాగుతుంది. డ్రమ్ములో గాడులు పడితే లేత్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే, అది ఇంటి పని కాదు. అయినా ఎంత తీశాడో కొలవమనండి, పలచబడిన డ్రమ్ము ఇంకా తొందరగా కాలుతుంది.

బ్రేకు పైపుల్లోంచి ఎయిర్ తీయడం మాత్రం ఇంటి పనే, కాపురం నిలబడితే. మా ఆవిడ సీట్లో, నేను కింద. మా బండికి ఎప్పుడూ మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలు. "నొక్కు." నిప్పుల్ వదులు చేస్తాను, బుడగలు వస్తాయి, బిగిస్తాను. "వదులు." నేను బిగించకముందే ఆమె వదిలేస్తే గాలి మళ్లీ లోపలికి. మొదటిసారి నేను నిప్పుల్ గురించి వదులు వదులు అనుకుంటుంటే ఆమె పెడల్ వదిలేసింది. గంటన్నర పని వృథా, ఇద్దరికీ మాటల్లేవు ఆ పూట. ఇప్పుడు మా కోడు ఒకటే, ఆమె పైనుంచి "తొక్కిపట్టాను" అంటుంది, నేను "బిగించాను" అంటాను, ఇంకే మాటా మాట్లాడం. ఆ ఆయిల్ బండి మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి, రంగు తినేస్తుంది. నా ఎడమ ముందు మడ్‌గార్డు మీద ఆంధ్రదేశం మ్యాపులా మచ్చ ఉంది, తర్వాత చూడండి.

డిస్కుల గురించి అడగడానికి ఆ నీలం చొక్కా అబ్బాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నాడు. మంచివే. చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లతో పట్టి ఆపుతాయి. గాలి తగులుతుంది, చల్లారుతుంది, ఘాట్‌లో నమ్మకం. కానీ డ్రమ్ములా తనని తాను లాక్కోదు, కాబట్టి బూస్టరు లేకపోతే పెడల్ రాయిలా ఉంటుంది. ప్యాడ్లని నొక్కే కాలిపర్లో పిస్టన్ పెద్దది, పాత చిన్న మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ నెట్టలేదు. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్లలో చాలావాటికి లైనులో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, డిస్కులకి అదే ఉంచితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. ముందు, వెనక బ్రేకుల వాటా చూడాలి, వెనక చక్రాలు ముందు బిగుసుకుంటే బండి బొంగరం. ఇవన్నీ వదిలేసి, పాత స్క్రాపులో ఏదో కారు కాలిపర్ తెచ్చి, ఇనప పట్టీ వెల్డింగు చేసి తగిలిస్తున్నారు. ఆ వెల్డింగు మీద మీ పెళ్లాం బిడ్డలు కూర్చుంటారు అబ్బాయ్. నేనైతే డ్రమ్ములే ఉంచి, ఒక్క దారి పాత సిలిండరు తీసి రెండు దారుల టాండమ్ సిలిండరు వేయించాను. ఒక లైను పగిలినా రెండోది పనిచేస్తుంది. నా మాట వింటే డిస్కుల కంటే ముందు అది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పైగా 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. నా బండికి 2028లో యాభై నిండుతాయి, అప్పటిదాకా నేనూ ఉండాలి, అదీ ఉండాలి. కోసేముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

ఇక చక్రాలు. టైము అయిపోయిందని తమ్ముడు సైగ చేస్తున్నాడు, మీరు వచ్చింది చక్రాల కోసమే, నాకు తెలుసు. తొందరగా. రిమ్ము బయటికి పొడుచుకొస్తే సోకుగా ఉంటుంది, బేరింగు మీద భారం, స్టీరింగు బరువు, గుంటలో పడితే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. చక్రాన్ని బయటికి జరపడానికి వెనక పెట్టే స్పేసర్లు వద్దు. టైరు మారిస్తే చాకుపీసుతో గుర్తు పెట్టి ఒక చుట్టు దొర్లించి నేల మీద కొలవండి, పాతదాని కంటే నూటికి ఐదు పెరిగితే మీ మీటరు 60 అన్నప్పుడు మీరు 63లో ఉన్నారు. నట్టు కింద రిమ్ములో కూర్చునే చోటు కొన్నిటికి శంకువులా, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది, రెండూ కలిపితే బిగిసినట్టే ఉండి వదులవుతుంది. అల్లాయ్ మందం ఎక్కువ, పాత బోల్టు పొట్టిదవుతుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు, మరకీ మరకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లు అయితే కనీసం ఎనిమిది పూర్తి చుట్లు తిరగాలి, వేలితో తిప్పుతూ లెక్కపెట్టండి. ఎదురెదురుగా బిగించండి, ఒక వంద కిలోమీటర్లు పోయాక మళ్లీ బిగించండి. అంతే చక్రాలు.

ఆఁ, గుర్తు చేశావు తల్లీ. వరసలో మూడో బండి, తెల్ల అంబాసిడరు, మెరిసే కొత్త అల్లాయ్ వీల్స్, పెద్ద దండ. అది ఎవరిదో వాళ్లు గుమ్మడికాయ కొట్టకముందే ఒకసారి ఇటు రండి. బాగున్నాయి నాయనా చక్రాలు, అది కాదు. వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడి కారి ఉంది. మీరు కడిగిన నీళ్లేమో అనుకుని వేలు పెట్టి చూశాను, నీళ్లు కాదు. పూజ అయ్యాక తోలుకుపోవద్దు. తమ్ముడూ, ఆ జాకీ ఇటు తీసుకురా, స్టాండు కూడా.