ఏటిగట్టు కాపలా, కంప్యూటర్ తాళం

అందరికీ నమస్కారం. ఆఫీసులు, దుకాణాలు కట్టేసి నేరుగా ఈ గ్రంథాలయానికి వచ్చారు. కొందరి మెడలో ఐడీ కార్డులు ఇంకా అలాగే ఉన్నాయి. ఇవాళ మాట్లాడేది ఆ కార్డుల గురించి, పాస్‌వర్డుల టెన్షన్ గురించి. మన పిల్లలు వదలకుండా చూసే సూపర్‌హీరోల గురించి కూడా.

నేను ఇరవై రెండేళ్లు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకున్నాను. ఒకరోజు కౌంటర్లో ఒక మేడమ్‌గారి కీబోర్డు మార్చడానికి వెళ్లాను. తిరగేస్తే అడుగున సెల్లోటేపుతో అంటించిన చిన్న కాగితం. ఆరు పాస్‌వర్డులు. ఐదు కొట్టేసి ఉన్నాయి. అన్నీ వాళ్లబ్బాయి పేరే, చివర అంకె మాత్రం ఒకటి, రెండు, మూడు అని పెరుగుతూ వచ్చింది. ఆవిడ ముఖం పాలిపోయింది. "నెలనెలా మార్చమంటే ఎన్నని గుర్తుపెట్టుకోమంటారండీ?" అన్నారు. ఆ గడువు పెట్టిన సెట్టింగు నా చేత్తో నేను పెట్టిందే.

ఈ ఆనవాయితీ ఇంతగా ఎలా పాకిందని వెతికితే 2003 దగ్గర తేలుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఆయన ఒక మార్గదర్శక పత్రం రాశారు. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలి, తరచూ మార్చాలి అన్న పద్ధతి దాన్ని పట్టుకునే పాకింది. 2017లో ఆయనే, తాను చెప్పినదాంట్లో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానన్నారు. బయటికి పొక్కిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించొద్దని నిస్ట్ కూడా ఆ ఏడాదే రాసింది. 2019లో మైక్రోసాఫ్ట్ విండోస్‌కు సిఫారసు చేసే భద్రతా సెట్టింగుల్లోంచి గడువును తీసేసింది. మన దగ్గర మాత్రం చాలాచోట్ల ఆ గడువు ఇంకా నడుస్తూనే ఉంది.

సినిమాలో హీరో అద్దం మీద చెయ్యి పెడతాడు, పచ్చ లైటు వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. మా కౌంటర్ దగ్గర అలా జరగలేదు. కోనసీమలో కొబ్బరికాయలు వలిచే పెద్దాయన ఒకరు ఆధార్ వేలిముద్ర వెయ్యడానికి వచ్చారు. పీచు ఒరుసుకుని ఒరుసుకుని బొటనవేలి గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. వేలు పంచెకి తుడుచుకుని పెట్టారు. నోటితో ఆవిరి ఊది పెట్టారు. తడిచేసి పెట్టారు. ఐదోసారికీ పడలేదు. "నేనే కదయ్యా! మీ నాన్న ఎరుగును నన్ను" అన్నారు. ఆధార్‌లో కనుపాపతో, ముఖంతో గుర్తించే దారులు ఉన్నాయి. ఆ దారి ఉందని ఆయనకి చెప్పేవాళ్లే ఆ రోజు అక్కడ లేరు. నలభై ఏళ్లు కష్టపడ్డ చేతినే మిషన్ దొంగచెయ్యి అన్నట్టు చూసింది. నాకు అది ఇప్పటికీ బాధే.

నేను సూపర్‌హీరో సినిమాలు ఇష్టంగా చూస్తాను. 1962లో కామిక్ పుస్తకంలో పుట్టిన స్పైడర్‌మ్యాన్ అంటే మరీ ఇష్టం. ఆ కుర్రాడు ముసుగు వేసుకునేది ఇంట్లో ఉన్న మే కోసం. మన వరసలో చెప్పాలంటే పెద్దమ్మ. తన పేరు బయటపడితే శత్రువు ముందు ఆమె మీదికే వస్తాడని భయం. పాస్‌వర్డు కూడా అలాంటిదే. మన కౌంటర్లో ఉన్నది ఎవరో ఒకరి పెద్దమ్మ దాచుకున్న డబ్బు, ఇంకొకరి ధాన్యం సొమ్ము.

కానీ ఆ కథల్లో నాకు నచ్చనిది ఒకటుంది. హీరో ఆ రహస్యాన్ని ఒంటరిగా మోస్తాడు, తప్పు జరిగినా ఎవరికీ చెప్పడు. మన ఆఫీసుల్లో నష్టం జరిగేది అక్కడే. తెరమీద దొంగ కీబోర్డు టకటకలాడిస్తాడు. అసలు దొంగ ఫోన్ చేసి "సార్, ఓటీపీ చెప్పండి" అని మర్యాదగా అడుగుతాడు. లేదా పోలీసునని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరిస్తాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. మెమో ఇస్తారనో, నలుగురూ నవ్వుతారనో దాచేస్తే ఆ కాస్త సమయమూ చేజారుతుంది.

దాచకుండా కేక వెయ్యడం అంటే నాకు గుర్తొచ్చేది మా ఏటిగట్టు. 1986 ఆగస్టు గోదావరి వరదకి నాకు తొమ్మిదేళ్లు. రాత్రంతా ఏటిగట్టు మీద కాపలా. పెద్దవాళ్లు లాంతర్లు పట్టుకుని గట్టు వెనకవైపు వాలు తడిమి చూసేవారు. ఊట తేటగా ఉంటే కాస్త నిమ్మళం. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు, బుంగ పడ్డట్టు. బుంగ పెరిగితే గండే.

మా మేనత్త కొడుకు ఆ రాత్రి మూడుసార్లు కేక వేశాడు. మొదటి రెండుసార్లూ వాననీళ్లే. అంత వానలో పరుగెత్తి వచ్చినవాళ్లు ఒక్కమాట కూడా అనలేదు. "బాగా చూడరా" అని మళ్లీ ఎవరి చోటికి వాళ్లు వెళ్లారు. మూడోసారి లాంతరు కిందికి దించి చూస్తే నీళ్లు బురదతో ఎర్రగా ఉన్నాయి. తెల్లవారేదాకా అక్కడ ఇసుక బస్తాలు వేస్తూనే ఉన్నారు.