మెదడు దెబ్బతిన్నవారికి ఇంటి గొంతులు వినిపించడం: ఫోనుతో రికార్డింగ్

నమస్కారం. తలకు దెబ్బ తగిలి, కళ్లు తెరిచినా పలకని మనిషికి ఇంట్లోవాళ్ల మాటలు, ఇష్టమైన పాటలు ఎలా వినిపించాలో చూద్దాం. ముందు డాక్టరును అడగండి. సరేనన్నాకే ఫోను తీయండి.

ఇదిగో, రికార్డర్. ఈ ఎర్ర బటన్. అంతే. ఆఁ, ఎయిర్‌ప్లేన్ మోడ్ మరవకండి, మధ్యలో కాల్ వస్తే మళ్లీ మొదటికొస్తుంది. దుప్పటి కప్పుకుని మాట్లాడండి. నవ్వొస్తుంది, కానీ గది ప్రతిధ్వని పోతుంది. ఖరీదైన మైకుకన్నా నాకు దుప్పటే ఇష్టం.

ఏం చెప్పాలి? "లేవమ్మా, ఒక్కసారి చూడమ్మా" అని బతిమాలవద్దు. ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. తర్వాత మీరు కలిసి గడిపిన ఒక సంగతి, మామూలుగా, కబురు చెప్పినట్టు చెప్పండి. 2015లో అమెరికా పరిశోధకురాలు థెరెసా పేప్ బృందం ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి కథలనే రోజుకు 4 సార్లు, 6 వారాలు వినిపించారు. పాల్గొన్నది 15 మందే. అందుకే దీన్ని చికిత్సకు తోడుగానే చూడండి, మంత్రంగా కాదు.

పాటలు మీకు నచ్చినవి కాదు, వాళ్ల కుర్రతనంలో వాళ్లు విన్నవి. సరేనా?

ఇప్పుడు కాస్త నెమ్మదిగా. తెర మీద ఈ గీత చూడండి. ఇక్కడ మాట, ఇక్కడ చదునుగా ఖాళీ. ఎడిటింగ్ యాప్‌లలో "నిశ్శబ్దం తొలగించు" అని ఒకటి ఉంటుంది, దానంతటదే ఆన్ అయి ఉండవచ్చు. ఆపేయండి. ఇదిగో, ఇలా. ఈ ఖాళీ మనకు కావాలి. దెబ్బతిన్న మెదడుకు విన్నది అందుకోవడానికి, వేలు కదపడానికి చాలా వ్యవధి పడుతుంది. పేరు పిలిచి వెంటనే కథలోకి దూకితే, వాళ్ల నుంచి వచ్చే జవాబు మీ మాటల కిందే పోతుంది. ఖాళీ వదలండి. ఇంకొంచెం వదలండి. వినిపించేటప్పుడు టీవీ కట్టేయండి. రోజంతా మోగిస్తే ఇంటి గొంతు కూడా ఫ్యాను చప్పుడులా అయిపోతుంది.

హెడ్‌ఫోన్లా? పుర్రె ఎముక తీసిన ఆపరేషన్ అయితే అటువైపు ఒత్తిడి పడకూడదు, నేను చిన్న స్పీకరే వాడతాను. శబ్దం మామూలు మాటంత చాలు. ముఖం చిట్లించినా, చెమట పట్టినా, గుండె వేగం పెరిగినా ఆపి, నర్సుకు చెప్పండి.

తల తిప్పడం, చూపు నిలపడం లాంటివి కనిపిస్తే సమయంతో సహా రాసి, థెరపిస్టుకు చూపించండి. ఏమీ కనిపించకపోయినా అదీ రాయండి.