హెడ్‌సెట్ పెట్టుకుని జనం ముందు మాట్లాడాలంటే

[విజువల్: సిరిపురం, సాయంత్రం ట్రాఫిక్. అక్కడి నుంచి ఒక ఆడిటోరియం లోపలికి. ఖాళీ కుర్చీలు, స్టేజి మీద ఒంటరిగా మైకు.]

నమస్తే అండీ. వైజాగ్‌లో ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే మధురవాడ నుంచి గాజువాక దాకా ఏ కాలేజీ హాస్టల్‌కి వెళ్లినా ఒకటే మాట. కోడింగ్ రౌండ్ దాటేస్తారు, ఆప్టిట్యూడ్ దాటేస్తారు. నలుగురి ముందు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలోనూ క్లయింట్ ప్రెజెంటేషన్ అనగానే ముందురోజు రాత్రి నిద్రపట్టనివాళ్లు ఉంటారు. ఈ వీడియో వాళ్లందరి కోసం. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకి కట్టుకుంటే కంప్యూటర్ గీసిన గదిలో నిలబడ్డట్టు అనిపించే ఏర్పాటు. ఆ వీఆర్ హెడ్‌సెట్ ఈ భయానికి ఎలా పనికొస్తుందో, మీటింగే వీఆర్‌లో జరిగితే అక్కడ ఎలా మాట్లాడాలో చూద్దాం.

[విజువల్: చిన్న సెమినార్ గది. బొమ్మల్లాంటి మనుషులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఒకడు ఆవలిస్తాడు.]

కంప్యూటర్ బొమ్మల ముందు మాట్లాడితే భయం పోవడమేమిటి అని మీకు అనిపించొచ్చు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో మెల్ స్లేటర్ అనే పరిశోధకుడి బృందం సరిగ్గా ఇదే పరీక్షించింది. 2002లో అచ్చయిన ఆ ప్రయోగంలో కొందరిని ఒక వర్చువల్ సెమినార్ గదిలో మాట్లాడమన్నారు. ఒక రకం ప్రేక్షకులు కదలకుండా కూర్చుంటారు. ఇంకో రకం శ్రద్ధగా, మెచ్చుకోలుగా వింటారు. మూడో రకానికి అసలు వినాలనే ఉండదు, విసుగు మొహం మీదే కనిపిస్తుంది. అప్పటి గ్రాఫిక్స్ ఇప్పటి మొబైల్ గేమ్ కంటే నాసిరకం. ఎదురుగా ఉన్నది బొమ్మలేనని మాట్లాడేవాళ్లకు తెలుసు. అయినా ఆ మూడో రకం ముందు, మామూలుగా స్టేజి భయం పెద్దగా లేనివాళ్లు కూడా టెన్షన్ పడ్డారు.

మనకు పనికొచ్చే విషయం ఇదే. అవి బొమ్మలని బుద్ధికి తెలిసినా గుండె వినదు. గుండె నిజమనుకుంటోంది కాబట్టే అక్కడ చేసిన ప్రాక్టీసు బయట పనికొస్తుంది. స్టేజి భయం తగ్గించడానికి వీఆర్ వాడిన పరిశోధనలు 1990ల చివరి నుంచే ఉన్నాయి, ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

[విజువల్: ఒక గీత. పైకి లేచి, కాసేపు నిలబడి, నెమ్మదిగా దిగుతుంది.]

పద్ధతి ఇలా ఉంటుంది. మాట్లాడటం మొదలుపెట్టగానే గుండెదడ పెరుగుతుంది, అరచేతులు చెమటపడతాయి, గొంతు ఆరిపోతుంది. ఆ క్షణంలో హెడ్‌సెట్ తీసేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ పారిపోతేనే మంచిదని మెదడు నేర్చేసుకుంటుంది, మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. తీయకుండా నిలబడి మాట్లాడుతూ పోతే కాసేపటికి దడ దానంతటదే దిగుతుంది. నాలుగైదుసార్లు అలా దిగడం చూశాక మెదడుకి కొత్త పాఠం ఎక్కుతుంది.

ఒక్క జాగ్రత్త. కడుపులో తిప్పినట్టు, కళ్లు తిరిగినట్టు ఉంటే అది స్టేజి భయం కాదు. కంటికి కనిపిస్తున్న కదలిక, చెవి లోపలి బ్యాలెన్స్‌కి తెలుస్తున్న కదలిక ఒకదానితో ఒకటి పొసగకపోతే వచ్చే వికారం అది. దాన్ని ఓర్చుకోవద్దు, వెంటనే తీసేయండి. గుండెదడకి నిలబడాలి, వికారానికి ఆగిపోవాలి.

[విజువల్: అవధాన వేదిక బొమ్మ. మధ్యలో అవధాని, చుట్టూ పృచ్ఛకులు.]

మన దగ్గర ఇలాంటి శిక్షణ కొత్తేం కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది కదా. అవధాని పద్యం అల్లుకుంటూ ఉంటే పృచ్ఛకుడు మధ్యలో దూరి సంబంధం లేని కబుర్లు చెప్తాడు, ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. అవధాని దానికి చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి రావాలి. ప్రసంగాలు ప్రాక్టీసు చేయించే వీఆర్ యాప్‌లలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. మీరు మాట్లాడుతుంటే ఎవరిదో ఫోన్ మోగుతుంది, ఒకరు పక్కవాళ్లతో గుసగుసలాడతారు. మొదటి రోజు ఇవన్నీ ఆపేసి మొదలుపెట్టండి. మాట సాఫీగా వస్తున్నాక ఒక్కొక్కటీ ఆన్ చేసుకోండి.

[విజువల్: హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి. తల దగ్గర ఒక చుక్క, రెండు చేతుల దగ్గర రెండు చుక్కలు వెలుగుతాయి. మిగతా శరీరం మసకబారుతుంది.]

ఇప్పుడు మీటింగే వీఆర్‌లో ఉందనుకుందాం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం జరిపే వీఆర్ సదస్సు మొత్తం ఆన్‌లైన్‌కి మారింది, మోజిల్లా హబ్స్ అనే వర్చువల్ గదుల్లో కూడా నడిచింది. అప్పటి నుంచి ఇలాంటి సభలు చాలా జరిగాయి. వాటిలో మాట్లాడేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఈ బొమ్మలో ఉంది. మామూలు హెడ్‌సెట్‌కి మీ శరీరంలో గట్టిగా తెలిసేవి మూడే చోట్లు, ఒక తల, రెండు చేతులు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. అంటే మీరు చెప్పాలనుకున్నదంతా ఆ మూడింటితో, గొంతుతో చెప్పాలి.

కళ్ల సంగతి చూడండి. మెటా కంపెనీ క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌లో కళ్లను గమనించే సెన్సర్ లేదు. మీరు కళ్లు మాత్రమే పక్కకి తిప్పి ఎడమవైపు కూర్చున్నవాళ్లని చూస్తే అది వాళ్లకి తెలియదు. అందుకే ఒక వాక్యం ఎడమవైపుకి, తర్వాతి వాక్యం కుడివైపుకి, తలతో సహా తిరిగి చెప్పండి. నవ్వు కూడా చేరదు. అవతార్, అంటే వీఆర్‌లో మీ బదులు కనిపించే బొమ్మ, దాని పెదవులు మీ గొంతుని బట్టి కదులుతాయి తప్ప మీ మొహాన్ని బట్టి కాదు. కాబట్టి నవ్వు గొంతులో వినిపించాలి. ఇందులో మనవాళ్లకి ఒక లాభం ఉంది. సరేనండీ అనేటప్పుడు తల కాస్త పక్కకి వంచి ఆడిస్తాం చూడండి, అది మాత్రం ఉన్నదున్నట్టు అవతలివాళ్లకి చేరుతుంది.

చేతుల దగ్గర మనకున్న ఒక అలవాటు ఇబ్బంది పెడుతుంది. పెద్దవాళ్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మర్యాద. హెడ్‌సెట్ కెమెరాలు ముందుకీ పక్కలకీ చూస్తాయి, వీపు వెనకున్న చేతులు వాటికి కనపడవు. అప్పుడు అవతార్ చేతులు గాల్లో ఎక్కడో ఆగిపోతాయి, లేదా వింతగా మెలితిరుగుతాయి. చేతులు నడుముకీ ఛాతీకీ మధ్య, శరీరానికి ముందుంచండి. మాట్లాడనప్పుడు కూడా అక్కడే.

పరిశోధనశాలల్లో ఇంకో విచిత్రం కూడా చేశారు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జెరెమీ బెయిలెన్సన్, ఆయన సహచరులు 2000ల తొలి ఏళ్లలోనే మాట్లాడే మనిషి ఒకేసారి ప్రతి ఒక్కరి కళ్లలోకి చూస్తున్నట్టు చూపించే ప్రయోగాలు చేశారు. గదిలో ఎంతమంది ఉన్నా ప్రతి ఒక్కరికీ తననే చూస్తున్నాడనిపిస్తుంది. క్లాసులో ఇది గొప్పగా పనికొస్తుందేమో. ఓట్లు అడిగే సభలోనో, ఏదైనా అమ్మే మీటింగ్‌లోనో వాడితే మాత్రం వినేవాళ్లకి ముందే చెప్పి తీరాలన్నది నా అభిప్రాయం. లేని చూపుని ఉన్నట్టు చూపించి నమ్మకం సంపాదించడం తప్పు.

[విజువల్: వర్చువల్ తెర మీద "రాష్ట్ర ఉష్ణోగ్రతల పట్టిక" అని చిన్న అక్షరాలు. వత్తులు కలిసిపోయి కనిపిస్తాయి. అదే మాట పెద్దదవుతుంది.]

స్లైడ్ల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే కాస్త ఆగుదాం. మంచి చూపున్న కంటికి చూపు కోణంలో ఒక డిగ్రీ వెడల్పులో సుమారు 60 పిక్సెళ్ల, అంటే తెర మీది చుక్కల, వివరం తెలుస్తుంది. క్వెస్ట్ 3 చూపించేది సుమారు 25. ఇంగ్లిష్ అక్షరం ఆ లెక్కలో ఎలాగో బతికిపోతుంది. తెలుగులో ఒక అక్షరం కిందే వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. రాష్ట్రంలో "ష్ట్ర" చూడండి, మూడు హల్లులు ఒకే చోట ఇరుక్కున్నాయి. ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన స్లైడ్ హెడ్‌సెట్‌లో మసకమసకగా ఉండేది ఇందుకే. తెలుగు స్లైడ్ అయితే ఇంగ్లిష్ కంటే పెద్ద అక్షరాలు పెట్టండి, ఒక తెర మీద ఐదారు మాటలు మించొద్దు, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదలండి. పంపేముందు వర్చువల్ గదిలో చివరి కుర్చీ దగ్గరికి వెళ్లి ఒక్కసారి మీరే చదివి చూసుకోండి.

నన్నడిగితే చాలాచోట్ల స్లైడే వద్దు. బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది కదా, 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయిన జలాంతర్గామి. దాని గురించి సెమినార్ ఇవ్వాలంటే పది పాయింట్లు రాసి చదవడం దేనికి? త్రీడీ నమూనాని అందరి మధ్యా పెట్టి, పక్కగోడ తీసేసి, టార్పెడోలుండే గదిని చేత్తో చూపిస్తూ చెప్పండి. వస్తువుని ఎంత కావాలంటే అంత తిప్పండి, వినేవాళ్లు నిలబడ్డ గదిని మాత్రం కదపొద్దు. గది కదిలితే వాళ్లకి కళ్లు తిరుగుతాయి.

[విజువల్: లెన్స్ మీద ఆవిరి. మెత్తటి పొడిగుడ్డతో తుడుస్తున్న చెయ్యి.]

మన ఊరి వాతావరణం గురించి కూడా చెప్పాలి. మే నెలలో ఉక్కకి ముఖం దగ్గరి నురుగు చెమటతో తడిసిపోతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లటి హెడ్‌సెట్ వెంటనే పెట్టుకుంటే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, కాసేపు ఆగి పెట్టుకోండి. లెన్స్‌కి పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడండి, శానిటైజర్ వద్దు. కిటికీ దగ్గర ఎండలో అస్సలు పెట్టొద్దు, లెన్స్ భూతద్దంలా పనిచేసి లోపలి తెరని కాల్చేస్తుంది.

[విజువల్: అట్టపెట్టె హోల్డర్‌లో ఫోన్. లోపల ఒక క్లాస్‌రూమ్ 360 డిగ్రీల వీడియో.]

హెడ్‌సెట్ కొనలేనివాళ్లు కాలేజీ ల్యాబ్‌లో ఉందేమో అడగండి. లేకపోతే ఫోన్ పట్టే చవక హోల్డర్ చాలు. స్నేహితులని మీ సెమినార్ హాల్లోనే కూర్చోబెట్టి, చుట్టూ అన్నివైపులా ఒకేసారి తీసే 360 కెమెరా దొరికితే పది నిమిషాలు వీడియో తీయండి. ఆ వీడియోని ఫోన్‌లో పెట్టి, హోల్డర్‌లోంచి చూస్తూ మాట్లాడండి. అందులో చేతులు కనిపించవు, తల తిప్పి చూడటం మాత్రమే కుదురుతుంది. అయినా మీరు రేపు నిలబడబోయే గది అదే, ఎదురుగా ఉన్న మొహాలూ అవే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మన పిల్లల్లో చాలామందికి ఉన్నది రెండు భయాలు, జనం అంటే ఒకటి, ఇంగ్లిష్ అంటే ఇంకోటి. రెండూ కలిసిపోయి ఒకటే పెద్ద భయంలా కనిపిస్తాయి. అందుకని మొదటి వారం హెడ్‌సెట్‌లో మీ ప్రాజెక్టు గురించి తెలుగులోనే చెప్పండి, ఇంట్లో అక్కకో బాబాయికో చెప్పినట్టు. దడ తగ్గిందని మీకే తెలిశాక, అదే గదిలో, అదే మనుషుల ముందు, అదే విషయం ఇంగ్లిష్‌లో చెప్పండి. తడబడే చోట్లు ఒక కాగితం మీద రాసుకోండి. చదువుకోవాల్సినవి ఆ మాటలే.