22 నిమిషాల సూర్యుడు: ఔటర్ వైల్డ్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. మలికిపురంలో ఉదయం నుంచి వాన, ఈదురుగాలి. నా మాటల మధ్య కిటికీ కొట్టుకునే చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందుగా చెప్పాల్సినది చెప్పేస్తాను. రాజోలులో కంప్యూటర్లు అమ్మే ఒక దుకాణం వారు ఈ కంప్యూటర్ ఆట కొనిపెట్టారు, ఆడి చూపించడానికి ఒక గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే కంప్యూటర్ భాగం) కూడా రెండు వారాలకు ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. కార్డు బాగుంది, వేడెక్కలేదు, ఫ్యాను మోత లేదు.  నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వనిది మాత్రం ఆట.

ఆట పేరు ఔటర్ వైల్డ్స్. అమెరికాలో అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి చదువు ముగింపులో చేసిన ప్రాజెక్టుగా మొదలై, 2019లో పూర్తి ఆటగా వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారం అందుకుంది. పెద్ద సంస్థల ఆటలు మూడు నాలుగు వేలు పలుకుతున్న ఈ రోజుల్లో దీని ధర చాలా తక్కువ. తగ్గింపు రోజుల్లో ఇంకా తక్కువకే వస్తుంది.

చిన్న గ్రహం మీద, చలిమంట పక్కన మీరు కళ్ళు తెరుస్తారు. ఒక బుల్లి అంతరిక్ష నౌక సిద్ధంగా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పరు. దాదాపు 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు. మళ్ళీ అదే చలిమంట పక్కన కళ్ళు తెరుస్తారు. తుపాకీ లేదు, పాయింట్లు లేవు, కొనుక్కునే శక్తులు లేవు. పోయినసారి తెలుసుకున్న సంగతి ఒక్కటే మీతో వస్తుంది. మొదటి రోజే తెరుచుకోగల తలుపు ముందు పది గంటలు తిరిగాక, దాన్ని ఎలా తెరవాలో తెలిసిన క్షణం ఉంది చూశారూ, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నౌక నడపడం గురించి చాలామంది విసుక్కుంటారు. నాకు అదే బాగా నచ్చింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గోదావరి వడిగా ఉన్నప్పుడు సరంగు ఎదుటి రేవుకేసి తిన్నగా నడపడు. ముక్కు ఎగువకు పెట్టి, వడి తనను ఎంత దిగువకు లాగుతుందో లెక్కవేసుకుని నడుపుతాడు. ఇక్కడా అంతే. అంతరిక్షంలో ఇంజిన్ ఆపితే నౌక ఆగదు, పోతూనే ఉంటుంది. ఆగాలంటే వెనక్కి తోయాలి, అదీ ముందే. నౌకను దానంతట అదే నడిపే ఆటోపైలట్ ఉంది గానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. దారిలో సూర్యుడు అడ్డం ఉన్నా తప్పించుకోదు.

మా ఊళ్ళో గాలి వీస్తే కరెంటు పోతుంది. ఎన్నో ఆటల్లో రెండు మూడు గంటల శ్రమ అలాగే పోగొట్టుకుని ఏడుపొచ్చినంత పనైంది. ఇందులో మహా అయితే పోయేది 22 నిమిషాలు. ఇది మనలాంటి వారికి ఎంత పెద్ద సౌకర్యమో ఏ రివ్యూలోనూ చెప్పగా వినలేదు.

ఇప్పుడు ఆటలోని జెయింట్స్ డీప్ అనే గ్రహం. దీని కోసమే ఈ వీడియో చేస్తున్నాను. గ్రహం మొత్తం సముద్రమే. మబ్బులు చీల్చుకుని దిగితే ముదురు ఆకుపచ్చ నీళ్ళు, నీటి మీద తేలే దీవులు, వాటి మధ్య తిరుగుతున్న సుడిగాలులు. ఒక దీవి మీద నిలబడి ఉన్నాను. సుడి దగ్గరకు వచ్చింది. దీవిని చెట్లతో సహా పైకి లేపి మబ్బుల పైకి విసిరేసింది. ఒక్క క్షణం చప్పుడంతా ఆగిపోయింది, చుట్టూ నక్షత్రాలు. తర్వాత దీవి కింద పడటం మొదలుపెట్టింది.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి నేను ముమ్మిడివరం దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఉత్తరం నుంచి కొడుతున్న గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తుపాను వెళ్ళిపోయిందనుకుని నేను తలుపు గడియ మీద చెయ్యి వేశాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆగరా, ఇప్పుడు అటువైపు నుంచి వస్తుంది" అంది. అలాగే దక్షిణం నుంచి వచ్చింది. మిగిలిన కొబ్బరిచెట్లు అప్పుడు పడ్డాయి. తుపాను కన్ను, అంటే గాలి ఆగిపోయే నడిమి భాగం, దాటితే గాలి దిక్కు మారుతుందని పుస్తకాల్లో ఆ తర్వాత చదువుకున్నాను. అమ్మమ్మకు అది ముందే తెలుసు. జెయింట్స్ డీప్‌లో దారి దొరక్క తిరుగుతున్నవారికి నేను ఇవ్వగలిగిన సాయం ఇంతే: గాలిని చూసి పారిపోకండి, కాసేపు నిలబడి గమనించండి. ఇంతకుమించి చెబితే మీ ఆనందం పాడుచేసినవాణ్ణవుతాను.

పజిల్ ఆటలంటే నాకు 1993 నాటి మిస్ట్ అనే ఆటతో మొదలు. మా మామయ్య రాజమండ్రి నుంచి తెచ్చిన సీడీ. దానికోసం ఒక నోటు పుస్తకం నిండా గుర్తులు, బొమ్మలు గీసుకున్నాను. ఇక్కడ ఆ పని నౌకలోని కంప్యూటరే చేస్తుంది. తెలిసిన సంగతులను గీతలతో కలిపి, ఎక్కడ ఇంకా చూడాల్సింది మిగిలిందో గుర్తుపెడుతుంది. అయినా నేను పుస్తకం తెరిచాను. చేత్తో రాసుకుంటేనే నాకు బుర్రకెక్కుతుంది.

బాధ కలిగించింది ఒకటుంది. ఆట తెలుగులో లేదు. కథంతా నోమాయ్ అనే పాత జాతి గోడల మీద వదిలిన రాతల్లో ఉంది. చుట్లు చుట్లుగా రాసిన ఒకరి మాటకు కొమ్మలా మరొకరి జవాబు, దాని పక్కన పిల్లల రాతలు. ఇంగ్లీషు రానివారికి ఇదంతా మూసిన తలుపే. మా అమ్మ పక్కన కూర్చుంటే ప్రతి గోడా చదివి తెలుగులో చెప్పాను. మూడో రోజున అమ్మ, "ఇంత చదువుకున్నవాళ్ళు ఏమైపోయార్రా?" అని అడిగింది. ఆటలో అసలు ప్రశ్న అదే.

కొనండి. ఎవరినీ ఏమీ అడగకుండా, దేనికోసమూ వెతక్కుండా మొదలుపెట్టండి. రేపు కార్డు తిరిగి ఇచ్చేయాలి. నా పాత కార్డు మీద చిత్రం కాస్త తడబడుతుంది, ఫరవాలేదు. జెయింట్స్ డీప్‌లో గాబ్రో అని ఒక ఆసామి రెండు చెట్ల మధ్య కట్టిన ఉయ్యాలలో పడుకుని వేణువు వాయిస్తుంటాడు. దీవి ఆకాశంలోకి ఎగిరినా లేవడు. రాత్రికి మళ్ళీ అక్కడికే వెళ్దామని అమ్మ ఇందాకే చెప్పి ఉంచింది.